మొహమాటానికి తాగిన నీళ్లు

నీళ్ల పరీక్షలు చేసే మనిషివి, ఎవరింట్లో పడితే వాళ్లింట్లో నీళ్లు తాగుతావేంటమ్మా అని మా ఆఫీసులో పెద్దాయన ఒకరు నన్ను ఎప్పుడూ ఏడిపిస్తుంటారు. "మొహమాటానికి పోతే కడుపైందంట. జాగ్రత్త," అంటారు. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వేదాన్ని. పోయిన ఎండాకాలం దాకా నవ్వాను.

నేను ఉండేది రేపల్లెలో. పొద్దున్నే పాసింజరెక్కి తెనాలి వస్తాను. వీధులు తిరిగి కుళాయి నీళ్లు సీసాల్లో పట్టడం నా పని. ప్రతి ఇంట్లో రెండు పరీక్షలుంటాయి. మొదటిది అక్కడికక్కడే తేలిపోతుంది. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు రావాలి. వచ్చిందంటే నీళ్లలో క్లోరిన్ ఉన్నట్టు. రెండోదానికి ఓపిక కావాలి. లోపల మందున్న సీసాని నీళ్లతో నింపి, మూత బిగించి, ఒకటి రెండు రోజులు పక్కన పెట్టాలి. నీళ్లు నల్లబడితే వాటిలో మురుగు కలిసిందని అనుమానించాలి. నల్లబడేదీ లేనిదీ తెలియని ఆ ఒకటి రెండు రోజులంటేనే నాకు భయం. మనం కనిపెట్టేలోపు ఆ నీళ్లు ఎంతమంది గొంతు దిగుతాయో ఎవరికి తెలుసు.

ఆ శనివారం పొద్దున వెళ్లింది ఒక వీధిలో చివరింటికి. పొలానికైనా వీధికైనా నీళ్ల కష్టమంతా చివరివాళ్లదే. ముస్లింల ఇల్లు. పెద్దామె, కోడలు, ఏడు నెలల పాప ఉన్నారు. కొడుకు కుట్టుమిషన్లు బాగుచేసే షాపుకి వెళ్లాడు. గుమ్మం ముందు సైడు కాలువ, అందులోంచే కుళాయి పైపు. కుళాయికి బిగించిన చిన్న మోటారు. అది ఉండకూడదు. కానీ ఆ వీధిలో మోటారు లేని ఇల్లేది? చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

గొట్టంలో చుక్కలు వేశాను. పసుపు వచ్చిందంటే వచ్చింది, లేదంటే లేదు. వెలుతురుకి ఎత్తి పట్టి రెండుసార్లు చూశాను.

"మొదట వచ్చే నీళ్లు వాసనొస్తున్నాయండి," అంది కోడలు మెల్లగా. "అందుకే పాపకి డబ్బా పాలు కలపడానికి కాచి చల్లార్చి వాడుతున్నాను."

"దీని ముక్కుకి అన్నీ వాసనేనమ్మా," అంది పెద్దామె నవ్వుతూ. "రోజంతా పొయ్యి మీద నీళ్ల గిన్నే. మా పిల్లలు ఈ కుళాయి నీళ్లు తాగే పెరిగారు." అంటూనే లోపలికి వెళ్లి, తళతళలాడే స్టీలు గ్లాసు నిండా నీళ్లు తెచ్చి నా చేతికిచ్చింది. "ఎండనబడి వచ్చావు. తాగు బేటా."

ఇక్కడ మా అమ్మమ్మ సంగతి చెప్పాలి. నా చిన్నప్పుడు బాపట్లలో వాళ్లింటికి గిన్నెలకి కళాయి పూయడానికి ఒక సాయిబుగారు వచ్చేవాడు. ఆయన దాహమంటే అమ్మమ్మ గ్లాసు ఇచ్చేది కాదు. ఆయన వంగి దోసిలి పట్టేవాడు, ఆవిడ చెంబు ఎత్తి పైనుంచి పోసేది. నీళ్లు మోచేతుల మీదుగా కారి చొక్కా తడిసేది. తలెత్తకుండానే "చాలమ్మా" అనేవాడు. మా ఇంట్లో ఉన్నన్ని గ్లాసుల్లో ఒక్కటి ఆయనకి లేకపోయిందా అని నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. అందుకే ఎవరింట్లో నీళ్లిచ్చినా వద్దనను. ఆ ఇంట్లో అసలే వద్దనలేను.

వద్దంటే పెద్దామె ఏమనుకుంటుందో నాకు తెలుసు. నీళ్లు బాగాలేవని కాదు, తమ చేతి నీళ్లు తాగలేదనుకుంటుంది. "సీసా సంగతి తేలేదాకా కాచుకునే తాగండి పెద్దమ్మా" అనే మాట నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, దాని వెనకే నీళ్లూ మింగాను. పెద్దామె నా గొంతు వైపే చూస్తోంది. ఖాళీ గ్లాసు అందుకుని కోడలి వైపు తిరిగింది.

"చూశావా? పరీక్ష చేసే అమ్మాయే తాగింది."

కోడలు నన్నోసారి చూసి, పాపని ఇంకో భుజం మీదికి మార్చుకుంది. నోరు తెరవడానికి అది నాకు రెండో అవకాశం. అప్పుడూ తెరవలేదు. సీసా నింపుకుని బయటపడ్డాను.

మర్నాడు ఆదివారం, ఆఫీసు ఉండదు. అందుకని ఆ సీసాని సంచిలో పెట్టుకుని ఇంటికే తెచ్చాను. వంటింటి అలమరలో, పిల్లలకి అందకుండా పై అరలో పెట్టాను. పొద్దున లేవగానే చూస్తే పల్చటి టీ రంగు. ఇంకా చూద్దాంలే అనుకున్నాను. అన్నం వార్చి చూశాను, కూర దింపి చూశాను. మధ్యాహ్నానికి సిరాబుడ్డిలా ఉంది.

ఆ ఇంటివాళ్ల ఫోను నంబరు నా దగ్గర లేదు. మా పెద్దాయనకి ఫోను చేస్తే విషయం విని, ఈసారి సామెత చెప్పలేదు. "లైను ఆపించే ఏర్పాటు నేను చేస్తాను. నువ్వెళ్లి వాళ్లని తాగొద్దని చెప్పు," అన్నారు. సీసాని కవర్లో చుట్టుకుని బండెక్కాను.

బండి ప్రతి స్టేషన్లోనూ ఆగింది. వేమూరు దాటాక నాకు కడుపులో మెలిపెట్టడం మొదలైంది. అది నీళ్ల వల్లో భయం వల్లో తెలియలేదు. నేను పెద్దదాన్ని, తట్టుకుంటాను. ఏడు నెలల పిల్ల కడుపెంత, ప్రాణమెంత? నిన్నటిదాకా తల్లి కాచిన నీళ్లు పట్టింది. నిన్న నేను గ్లాసు ఖాళీ చేశాక ఇంకా కాచి ఉంటుందా? కాచి ఉండాలి దేవుడా, అత్తగారి మాట వినకుండా ఉండాలి అని జంపని దాకా అదే అనుకున్నాను. కోడలు అత్తకి ఎదురుతిరగాలని మొక్కుకున్న మనిషిని నేనొక్కదాన్నే అయివుంటాను.

ఇంటికి తాళం వేసుంది. పక్కింటామె అరుగు మీద బియ్యం ఏరుకుంటోంది.

"పాపకి తెల్లారినకాణ్ణించీ విరేచనాలండి. వాంతులు కూడా. ఆసుపత్రికి తీసుకెళ్లారు."

"ఏ ఆసుపత్రి?"

"తెలీదండి. కంగారులో చెప్పలేదు. మెడ వాల్చేసింది పిల్ల."

కుళాయి నీళ్లు తాగొద్దని ఆమెకీ, ఎదురింటివాళ్లకీ చెప్పాను. సీసా చూపించాను. తర్వాత ఆ గుమ్మంలోనే కూలబడ్డాను. ఇక చేయడానికేమీ లేదు. ఆ పాపకేమన్నా అయితే చంపింది మురుగు కాదు, నా మొహమాటం. ఎవరూ నన్ను జైల్లో పెట్టరు, ఉద్యోగంలోంచి తీసెయ్యరు. ఇంకో ఇంటికి వెళ్లి ఇంకో సీసా నింపుతాను.

పొద్దు వాలుతుండగా ఆటో వచ్చింది. ముందు పెద్దామె దిగింది, వెనక కోడలు. పాప ఆమె భుజం మీద ఉంది. కదలడం లేదు. దగ్గరికి వెళ్లడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇంతలో పాప సన్నగా మూలిగింది. చిన్న చేతికి సెలైన్ పెట్టిన చోట దూది, ప్లాస్టరు.

"గండం గడిచిందన్నాడు డాక్టరు," అంది పెద్దామె. నేనెందుకు వచ్చానో ఆమెకింకా తెలియదు. సీసా బయటికి తీసి చెప్పాను. రంగు సరిగ్గా రాలేదని అప్పుడే అనుమానం వచ్చిందనీ, మీరేమనుకుంటారోనని తాగాననీ, నేను తాగకుండా ఉండాల్సిందనీ, అన్నీ చెప్పాను. పెద్దామె సీసా చేతిలోకి తీసుకుని వెలుతురుకి ఎత్తి పట్టింది.

"నువ్వు తాగావని నేనే పొయ్యి ఆపించాను," అంది. తర్వాత నా మొహంలోకి చూసి, "మరి నీకు కడుపులో ఎలా ఉందమ్మా?" అనడిగింది.

తిట్టినా బాగుండేది.

మర్నాడు తవ్వి చూస్తే కాలువలో పైపు జాయింటు చీలి ఉంది. ఎవరో ప్లంబరు ఎప్పుడో వేసింది. మోటారు వేసి లాగినప్పుడల్లా నీళ్లతోపాటు మురుగూ లోపలికొచ్చేది. పైపు మార్చారు, మోటారు తీసేశారు. నేను ఆ కుళాయి నీళ్లే మూడు సీసాలు పట్టి, మూడూ నల్లబడలేదని తేలాకే ఆ మాట చెప్పడానికి వెళ్లాను. గొట్టంలో పసుపు కూడా చిక్కగా వచ్చింది.

"ఇప్పుడు తాగొచ్చు పెద్దమ్మా," అన్నాను. ఆమె కోడలి వైపు చూసింది. నాతో ఆ రోజు నుంచీ ఒక్క మాటా మాట్లాడని కోడలు కుళాయి తిప్పింది. అదే స్టీలు గ్లాసు నింపి నా ముందుకి చాపింది.

"ముందు మీరు తాగండి."

తాగాను. చుక్క మిగల్చకుండా తాగాను. ఆమె పాపని చంకనెత్తుకుని నేను ఆఖరి గుక్క మింగేదాకా నిలబడింది. ఖాళీ గ్లాసు అందుకుంది. లోపలికి వెళ్లి, స్టవ్ వెలిగించి, నీళ్ల గిన్నె పొయ్యి మీద పెట్టింది.