దిగుడులో ఇంజన్ ఆగినప్పుడు

పర్ణశాలకు మేం మాట్లాడుకున్న కిరాయి కారు పాతది. ఊరు దాటేదాకా దాని చప్పుళ్లు విడివిడిగా వినిపించాయి. నా పక్క అద్దం గలగల, డిక్కీలో స్టెప్నీ దడదడ, తలుపు సందులోంచి ఈల వేసినట్టు గాలి. అద్దం ఊగకుండా డ్రైవర్ పాత పేపరు మడిచి దోపాడు. కొత్తగూడెం దాటాక రోడ్డు సాఫీగా దొరికి బండి వేగం అందుకోగానే అన్నీ కలిసి ఒకటే హోరైపోయాయి. ముందు సీట్లో నాన్న డ్రైవర్‌తో ఏదో అంటున్నాడు. మీసం కదలడం తప్ప నాకేమీ తెలియలేదు. నా పక్కన అత్తయ్య, అంటే నాన్న అక్క, నోరు తెరిచి నిద్రపోతోంది.

వచ్చే సోమవారమే నాన్న నన్ను ఖమ్మం తీసుకెళ్లి టీచర్ ట్రైనింగ్‌లో చేర్చాలనుకున్నాడు. నలుగురిలో నోరు పెగలని దాన్ని, తరగతి ముందు ఎలా నిలబడతాను? హైదరాబాద్‌లో లైబ్రరీ కోర్సు ఉందని విన్నప్పటి నుంచి మనసంతా దాని మీదే ఉంది. ఆ సంగతి డైరీలో రాసుకున్నానే కాని ఇంట్లో ఒక్కసారీ అనలేదు.

ఆ హోరులో నా గొంతు నాకే వినపడడం లేదు. అది నాకు నచ్చింది. కిటికీ వైపు తిరిగి, ఆ మాట మెల్లగా అని చూశాను. ఎవరూ కదల్లేదు. ఇంకాస్త గట్టిగా అన్నాను. ఈలోగా అడవిలో పొడవాటి దిగుడు వచ్చింది. పెట్రోలు కలిసొస్తుందని మా వైపు డ్రైవర్లు దిగుడులో ఇంజన్ ఆపి బండిని వదిలేస్తారు. తెలిసిన సంగతే, అప్పుడు గుర్తుకు రాలేదు.

"నాకు ట్రైనింగ్ వద్దు నాన్నా, హైదరాబాద్‌ల లైబ్రరీ కోర్సు చదువుకుంటా."

అప్పటికే ఇంజన్ ఆగింది. కారంతా నా గొంతే. అత్తయ్య ఉలిక్కిపడి లేచింది.

"ఏందే, కిటికీకి చెప్తున్నవా, మీ నాయనకు చెప్తున్నవా?"

నాన్న వెనక్కి తిరగలేదు. దిగుడు అయిపోయింది, ఇంజన్ అందుకుంది, మళ్లీ హోరు.

పర్ణశాలలో గోదారి ఒడ్డున పులిహోర తింటూ నాన్న పత్తికి పట్టిన పురుగు గురించి మాట్లాడాడు. వినలేదా? విని కోపగించుకున్నాడా? కోపమైతే నా ఆకులో అడగకుండానే ఇంకాస్త ఎందుకు పెట్టాడు? ఏదీ తేలలేదు.

తిరుగు ప్రయాణంలో అత్తయ్యను ముందు కూర్చోమని తను నా పక్కన ఎక్కాడు. దిగుడొచ్చినా ఇంజన్ బంద్ చేయొద్దని డ్రైవర్‌కు చెప్పాడు. పెట్రోల్ ఎక్కువ తాగుద్ది సార్ అంటే, తాగనియ్ అన్నాడు. బండి వేగం అందుకుని హోరు నిండాక, రోడ్డునే చూస్తూ నా చెవి దగ్గరికి వంగాడు.

"ఆడ ఎక్కడ ఉంటవ్?"

"హాస్టల్‌ల," అన్నాను. వినపడినట్టు లేదు. నాన్న చెవిలో అరవడం నాకదే మొదటిసారి. ఆయన తల ఊపాడో, గతుకుకు తలే ఊగిందో అర్థం కాలేదు.

సోమవారం పొద్దున్నే ఖమ్మం ప్రయాణానికి మంచి చీర కట్టుకుని వసారాలో నిలబడ్డాను. నాన్న పార భుజాన వేసుకుని చేనుకు పోతూ ఆగాడు.

"గిట్ల తయారైనవేంది, ఎటు పోతున్నవ్?"