ఐదు గీతలూ ఉన్నాయి

మా పెద్దమ్మ కూతురు ఒక ఫోన్ కంపెనీలో సిగ్నల్ కొలిచే ఉద్యోగం చేసేది. రెండు ఫోన్లు, ల్యాప్‌టాప్ వ్యానులో పెట్టుకుని పదకొండేళ్ళు వీధివీధీ తిరిగింది. బస్టాండు దగ్గర సిగ్నల్ భేషుగ్గా ఉండేది, సాయంత్రమైతే డేటా వేగం మాత్రం నత్తనడక.

"ఫోనులో గీతలు నిండుగా ఉంటే టవరు దగ్గరుందని అర్థం, అంతే. ఆ ఒక్క టవరు మీద ఎంతమంది ఎగబడుతున్నారో గీతలకేం తెలుసు?" అనేది అక్క.

అలాగే రిపోర్టు రాసింది. మేనేజరు అందులో వేగం లెక్కలు చెరిపేసి పైవాళ్ళకు పంపాడు. ఫిర్యాదులు ముంచెత్తేసరికి, "ఈవిడ అసలు కొలవనేలేదు" అని నెపం ఆమె మీదికి నెట్టి ఉద్యోగం ఊడగొట్టించాడు. అక్క ఏడవలేదు. "వాడి నోటితోనే నిజం కక్కిస్తా" అంది పళ్ళు కొరుకుతూ.

ఏడాది గడిచింది. బస్టాండు పక్క హాలులో బుకింగులు చూసే మా పిన్ని అక్కకి ఫోన్ చేసింది.

"ఏమే, మీ మేనేజరు హాలు అడుగుతున్నాడు. తమ నెట్‌వర్క్ మీదే హెడ్డాఫీసు పెద్దసారుతో వీడియో కాల్ చేసి జనానికి చూపిస్తాడట. పొద్దున తొమ్మిదికి ఇవ్వనా, సాయంత్రం ఆరుకా?"

"ఆరుకివ్వు పిన్నీ. ఆఫీసులు వదిలే వేళ."

"సిగ్నల్ ఉంటుందా?"

"నిండా ఉంటుంది."

అందులో అబద్ధమేమీ లేదు.

ఆ సాయంత్రం అక్కా నేనూ మూడో వరుసలో కూర్చున్నాం. తెర మీద పెద్దసారు కనిపించాడు, నమస్కారానికి చేతులెత్తాడు, నోరు తెరిచినవాడు తెరిచినట్టే బిగుసుకుపోయాడు. హాలంతా గొల్లుమంది. మేనేజరు చెమటలు కక్కుతూ, "సిగ్నల్ ఫుల్లుగా ఉందండీ, ఐదు గీతలూ ఉన్నాయి" అన్నాడు.

అక్క లేచింది. "సిగ్నల్ సరే సార్, మరి వేగం?"

అతను ఫోనులోంచి తలెత్తకుండానే, "ఈ టైముకి ఇక్కడ వేగం ఉండదమ్మా, ముందునుంచీ ఇంతే" అనేశాడు.

"ముందునుంచీ తెలుసన్నమాట!" అంది అక్క. అప్పుడు తలెత్తి చూశాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఏడాదిగా ఇంట్లో దాచి, ఆరోజు సంచిలో తెచ్చుకున్న అసలు రిపోర్టును ఆమె తిన్నగా తీసుకెళ్ళి, ముందు వరుసలో ఉన్న హెడ్డాఫీసు అధికారిణి చేతిలో పెట్టింది.

పదిరోజుల్లో అతని ఉద్యోగం పోయింది. అక్కను మళ్ళీ రమ్మన్నారు, వెళ్ళలేదు. ఒక్కరోజు మాత్రం వెళ్ళింది, అతను అట్టపెట్టె మోసుకుంటూ ఆఫీసు నాలుగో అంతస్తు నుంచి మెట్లు దిగుతుంటే చూడ్డానికి. దారికి అడ్డంగా నిలబడిందట.

"కాస్తయినా జాలి వెయ్యలేదా?" అడిగాను.

"ఊహూఁ. నాలుగంతస్తులే కట్టారేంటా అనిపించింది."