కేక వినపడలేదన్నాను

ఈ మాట గొంతులో పెట్టుకుని ఏళ్ల తరబడి తిరుగుతున్నాను. మింగలేను, కక్కలేను. నా పేరు రాయను. ఊరు కొత్తపేట దగ్గరని మాత్రం చెబుతాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లెవరైనా ఎదురుగా కూర్చుంటే మళ్లీ మాట మార్చేసి కాఫీ కలపడానికి లేచి వెళ్లిపోతాను.

మా వీధిలో నన్ను అందరూ నమ్ముతారు. ముందు అది చెప్పాలి. ఎవరు ఊరెళ్లినా తాళంచెవి నా చేతిలో పెట్టి వెళతారు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అని జనం ఊరికే అంటుంటారు. మా వీధి నిజంగానే ఆ పని చేస్తోంది, దానికి తెలియదంతే.

మొదట తాళం ఇచ్చింది సత్యవతి వదిన. పక్కింటావిడ. చుట్టరికం లేదు, వరస కలుపుకున్నాం. ఆమె భర్త కువైట్‌లో డ్రైవరు. పిల్లల్ని హాస్టల్లో వేసి ఆమె కూడా అక్కడికే ఇంటిపనికి వెళ్లింది. ఇల్లు మనుషులు లేనట్టు కనపడకుండా చూడమని నాకు అప్పగించింది. ఈ ఇంట్లో ఎవరూ లేరని దొంగకి ముందుగా చెప్పేది వాకిలే కదా. అందుకని రోజూ పొద్దున్నే మా వాకిలితో పాటు వాళ్లదీ ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టేదాన్ని. సాయంత్రం వరండాలో లైటు వేసేదాన్ని. మా ఆయన పాత చెప్పులు తెచ్చి వాళ్ల గడప పక్కన విడిచినట్టు పెట్టాను. ఆ శ్రద్ధలో అబద్ధం లేదు. లేదనే అనుకుంటున్నాను.

వానలు తగ్గాక బీరువాలో బట్టలకి ఎండ చూపించి కలరా ఉండలు వెయ్యమని వెళ్లేముందే చెప్పింది. ఆ పని మీదే బీరువా తీశాను. చీరల మడతల మధ్య ఆడవాళ్ల చేతి గడియారం ఉంది. బంగారు రంగు గొలుసు. పెళ్లిళ్లకి పెట్టుకుందామని దాచుకున్నట్టుంది. మరీ ఖరీదైనది కూడా కాదేమో. అడిగితే మా ఆయన అలాంటిది కొనిపెట్టి ఉండేవారు. మరి ఎందుకు తీశాను? నాతో కలిసి నూతి దగ్గర బట్టలు ఉతుక్కున్న మనిషి విమానం ఎక్కి వెళ్లిందన్న కుళ్లు లోపల ఎక్కడో ఉంది, అది కుళ్లని ఒప్పుకోవడం ఇష్టంలేక, ఒక్కసారి చేతికి పెట్టుకుని చూసి మళ్లీ పెట్టేస్తానని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. పెట్టెయ్యలేదు. మధ్యాహ్నాలు తలుపేసుకుని ఒక్కదాన్నీ పెట్టుకునేదాన్ని. ఒకనాడు తీయడం మరిచిపోయి గిన్నెలు తోముతుంటే నూతిగట్టుకి తగిలి అద్దం పగిలింది.

కొన్నాళ్లకి వీధి చివర ఎస్టీడీ బూతుకి సత్యవతి వదిన ఫోన్ చేసింది. వచ్చే నెల వస్తున్నాం అంది. అందరూ సంతోషించారు. నేను ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. పగిలిన గడియారం తిరిగి ఎలా పెట్టను? వేసిన తాళం వేసినట్టుండగా వస్తువు పోతే ఎవరిని అడుగుతారు?

వాళ్లది పెంకుటిల్లు. చిల్లర దొంగలు పెంకులు తీసి దిగుతారని ఎవరింట్లో కబుర్లలోనైనా వినపడే మాటే. భోజనాలై వీధంతా కునుకు తీస్తున్న వేళ లోపలికి వెళ్లి, వంటింట్లో రోలు మీద నిలబడి, వెదురుకర్రతో కప్పుని పైకి పొడిచాను. బీరువాలో బట్టలు కిందికి లాగి పడేశాను. దొంగ అన్నవాడు ఒక్క గడియారం కోసం రాడు కదా అనిపించి ఇత్తడి చెంబులు కూడా తీసుకెళ్లి మా నూతిలో పడేశాను. ఆ సమయంలో నాకు అంత తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందో. సాయంత్రం లైటు వెయ్యడానికి వెళ్లినట్టు వెళ్లి, నేనే లబోదిబోమని బయటికి పరిగెత్తుకొచ్చాను.

అందరూ వచ్చి చూశారు. పొద్దున్న కప్పు బాగానే ఉంది కాబట్టి మధ్యాహ్నమే జరిగిందన్నారు. లోపలినుంచి పొడిచింది కాబట్టి పెంకు ముక్కలు ఎక్కువ కప్పు మీదే పడ్డాయి. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఆ కప్పు మీదికి వంగి ఉన్న కొబ్బరిచెట్టునే చూశారు. మా వీధిలో చెట్లన్నిటికీ కాయలు దింపేది నూకరాజు. నిచ్చెన లేకుండా ఆ కప్పు మీదికి దిగగలిగేవాడు అతనొక్కడే.

ఒట్టేసి చెబుతున్నాను, కర్రతో పొడిచేటప్పుడు నాకు ఆ చెట్టు గుర్తులేదు. నేను తప్పుకోవాలి, అంతే. నేను తప్పుకున్న చోట ఇంకెవరో నిలబడాలన్న ఆలోచన రాలేదు. నిజంగా రాలేదా? వస్తే ఆగేదాన్నా? ఏమో.

ఇక్కడొక ఆనవాయితీ చెప్పాలి. కొబ్బరిచెట్టు ఎక్కితే అందరి పెరళ్లూ కనపడతాయి. దడి చాటున ఆడవాళ్లు స్నానం చేస్తూ ఉండొచ్చు. అందుకని దింపు తీసేవాడు ఎక్కేముందు ‘ఎక్కుతున్నానండోయ్’ అని గట్టిగా కేక వెయ్యాలి. ఆ కేక విని ఆడవాళ్లు లోపలికి తప్పుకుంటారు. కేకెయ్యకుండా ఎక్కినవాడిని ఎవరూ రెండోసారి పెరట్లోకి రానివ్వరు. నూకరాజు కేక పక్క వీధికి కూడా వినపడేది.

మర్నాడు పొద్దున్న పెద్దమనుషులు మా అరుగు మీదే కూర్చున్నారు. నూకరాజు కింద నిలబడి, వాళ్లని కాదు, గుమ్మంలో ఉన్న నన్ను అడిగాడు.

“అమ్మగారూ, నిన్న మధ్యాహ్నం తమరు ఇంట్లోనే ఉన్నారు కదండీ?”

“ఉన్నాను.”

“నా కేకేమైనా వినపడిందాండీ?”

“లేదు. వినపడలేదు.”

“చూసేరాండీ!” అని పెద్దల వైపు తిరిగాడు. “నేనసలు ఇటు రాలేదండీ. వస్తే కేకెయ్యకుండా ఎక్కుతానాండీ?”

అతని ముఖం తేటపడింది. నా మాటతో బయటపడ్డాననుకున్నాడు. అప్పుడు రిటైరైన మాస్టారొకాయన తాపీగా అన్నారు.

“అయితే కేకెయ్యకుండా ఎక్కేవన్నమాట.”

అందరూ తలలూపారు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. అలా కాదండీ అని ఒక్క మాట. అతను రాలేదండీ, నాకు తెలుసు అని ఒక్క మాట. ఎలా తెలుసని అడుగుతారు. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటూ ఊరుకున్నాను. గడియారం తీయడం కన్నా, పెంకులు పొడవడం కన్నా పెద్ద తప్పు ఆ ఊరుకోవడమే.

రుజువు లేదు కాబట్టి పోలీసులదాకా వెళ్లలేదు. ఈ వీధిలో ఇక చెట్టెక్కొద్దన్నారు. ఆ మాట చుట్టుపక్కలంతా పాకింది. ఎవరూ దింపుకి పిలవలేదు. కొన్నాళ్లకి నూకరాజు పెళ్లాన్నీ పిల్లల్నీ తీసుకుని అత్తవారి ఊరు వెళ్లిపోయాడు. సత్యవతి వదిన వచ్చి, గడియారం పోయిందని కాసేపు బాధపడి, ‘మీరు లేకపోతే ఇల్లంతా ఊడ్చుకుపోదురు వదినగారూ’ అని నా చేతులు పట్టుకుంది. తిరిగి వెళుతూ తాళంచెవి మళ్లీ నాకే ఇచ్చింది. వద్దంటే ఎందుకు వద్దని అడుగుతుంది కదా. తీసుకున్నాను.

ఆ తర్వాత వీధి మారిపోయింది. పక్క గోడల మీద గాజుపెంకులు దిగాయి. చెట్ల మొదళ్లకి ముళ్లకంప కట్టారు. పెరటి తలుపులకి అడ్డగడియలు, రాత్రంతా వీధి లైట్లు. ఊరెళ్లేముందు ఏం చెయ్యాలని నా దగ్గరికే వచ్చి అడిగేవారు. రేడియో మోగనివ్వాలనీ, ఊరెళుతున్నట్టు బూతు దగ్గర చెప్పుకోకూడదనీ, పక్కింటివాళ్లకి తాళం ఇచ్చి వెళ్లమనీ చెప్పేదాన్ని. అన్నీ మంచి సలహాలే. పక్కింటివాళ్లలో నాలాంటివాళ్లు ఉంటే ఏం చెయ్యాలో ఎవరూ అడగలేదు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, వీధి దొంగ సంగతి ఎవరు చెప్పగలరు.

మా ఆయన మిల్లుకి వెళితే నేను ఒక్కదాన్నే ఉంటానని భయపడి, వరండా చుట్టూ ఇనుప గ్రిల్లు పెట్టించారు. చూరు దాకా ఊచలు. బయలుదేరేటప్పుడు ‘గొళ్లెం వేసుకో, జాగ్రత్త’ అంటారు. వేసుకుంటాను. నాకు భయపడి కట్టిన ఊచల వెనక నన్నే కూర్చోబెట్టి, పాపం ఆయన నిశ్చింతగా వెళతారు. పేపర్లో దొంగతనం వార్త చదివినా నేను భుజాలు తడుముకుంటాను. ఆయనతో చెబుదామని నోరు తెరిచిన రోజులున్నాయి. ఆ గ్రిల్లు కోసం ఆయన పడ్డ తాపత్రయం గుర్తొచ్చి మూసుకున్నాను.

కిందటేడు అమలాపురం బస్టాండులో ఒకాయన వచ్చి నా చేతిలో సంచి అందుకున్నాడు. జుట్టు నెరిసింది. నూకరాజు. పారిపోదామనుకున్నాను. బాగున్నారాండీ అని అడిగి, నేను అడక్కుండానే చెప్పాడు. అల్లవరం దగ్గర రొయ్యల చెరువుల్లో మట్టిపని చేస్తున్నాడట. చెట్టెక్కడం మానేశాడట. భార్య కువైట్ వెళ్లిందట. సంచి బస్సులో సీటు మీద పెట్టి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

“ఆవేళ అంతమందిలో నిజం చెప్పింది తమరొక్కరేనండీ. ఆళ్లు దాన్ని వంకరగా తీసుకున్నారు గానీ, తమరు చెప్పేరండీ. మా ఇంట్లో తమరి పేరు ఎప్పుడూ అనుకుంటామండీ.”

నేను తలూపాను. అంతే చేశాను. బస్సు కదిలేదాకా అతను చెయ్యెత్తి నమస్కారం పెడుతూనే ఉన్నాడు. అతను నన్ను తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో. ఆ ఇంట్లో నా పేరు మంచిగా తలుచుకుంటున్నారంటే మాత్రం తట్టుకోలేకపోతున్నాను.

అందుకే రాస్తున్నాను. నూకరాజు దొంగ కాదు. సత్యవతి వదిన ఇంట్లో దొంగతనం చేసింది నేను. ఇంత చిన్న మాట. ఇది రాసేసరికి ఎన్నాళ్లకో ఊపిరి నిండుగా ఆడింది. కానీ ఇది చదివేది మీరు. అల్లవరంలో ఆ మనిషికి చదవడం రాదు, అతనికి ఇంకా నేను మంచిదాన్నే.