లినక్స్ మీద ఆడిన నేరం

దేవుళ్ల మీద, బాబాల మీద, వాస్తు పండితుల మీద సగం జీవితం వాదిస్తూ గడిపాను. ఒక కంప్యూటర్ ఆట గురించి శేరిగూడ దాకా పోయి కొట్లాడవలసి వస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

మా చెల్లెలి కూతురు శేరిగూడలో ఇంజనీరింగ్ చదువుతోంది. ఇబ్రహీంపట్నంలో వాళ్ల ఇల్లు మా వెనక వీధిలోనే. తన కంప్యూటర్ వాళ్ల నాన్న ఆఫీసులో పాతదని తీసేసినది. కొత్త విండోస్ దాని మీద ఎక్కదని తేలాక తనే లినక్స్ వేసుకుంది. ఆ సిస్టం లోపల ఏముందో ఎవరైనా విప్పి చూడొచ్చట, నచ్చినట్టు మార్చుకోవచ్చట. వినగానే నాకు నచ్చింది.

"గర్భగుడికి తలుపు లేని గుడి అన్నట్టు" అన్నాను.

"గుడి ముచ్చటెందుకు మామా, గిది కంప్యూటర్" అన్నది.

ఆశ ఎంత ఉందో అవస్థా అంతే ఉండేది. విండోస్ కోసం రాసిన ఆటలను లినక్స్‌కు అర్థమయ్యేలా చెప్పే ప్రోగ్రాం ఒకటుంది, దుబాసీ లాంటిది. దాని పుణ్యమా అని కొన్ని ఆటలు ఆ ముసలి యంత్రం మీద ముందుకంటే చురుగ్గా నడిచేవి. ఒక ఆటలో మాత్రం మనుషులకు తలకాయలు లేవు. మొండేలే తుపాకులు పట్టుకుని తిరిగేవి. మా పిల్ల తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ డ్రైవర్ అనే ప్రోగ్రాంతో పొద్దంతా కుస్తీ పట్టి, ఫోన్ చేసి, "మామా, తలకాయలొచ్చినయ్!" అని కేకేసింది. చదువు అంటే ఇదీ అనుకున్నాను. తరగతి గదిలో వాళ్లకు నేర్పుతున్నది ఇందులో పదో వంతు కూడా కాదు.

ఆ తుపాకుల ఆటలోనే కాలేజీల పోటీకి ఐదుగురి జట్టు కట్టారు. ఐదో మనిషి మా పిల్ల. తక్కిన నలుగురూ మగపిల్లలు. కాలేజీ ఎదుటి గేమింగ్ సెంటర్లో కూర్చుని వాళ్లు, ఇంట్లో కూర్చుని తను ఆడేవారు. పోటీకి కొద్ది రోజుల ముందు ఒక పొద్దున ఆట తెరవబోతే తెర మీద ఒకే వాక్యం: మోసం చేసినందుకు మీ ఖాతాను శాశ్వతంగా మూసివేశాం.

జరిగింది తనే తవ్వి తీసింది. ఇలాంటి ఆటలకు ఒక కాపలా ప్రోగ్రాం ఉంటుంది. మోసగాళ్లను పడతానంటూ అది కంప్యూటర్లో అన్నింటికంటే అడుగున, సిస్టం పునాదిలో చోటు అడుగుతుంది. లినక్స్ ఆ చోటు ఇవ్వదు, అయినా ఇన్నాళ్లూ అది ఊరుకుంది. ఆ వారం ఆటకు కొత్త అప్‌డేట్ వచ్చింది. దాంతో కాపలాదారు కంటికి దుబాసీయే మోసపు పనిముట్టులా కనిపించింది. తలుపులు తెరిచి పెట్టుకున్నవాడు దొంగ, మన ఇంట్లోకి వచ్చి అల్మారా తాళాలు అడిగేవాడు కాపలావాడు! కంపెనీకి రాస్తే క్షణంలో జవాబు వచ్చింది. రుజువులు చూపించరట, నిర్ణయం మారదట. ఏ మనిషీ చదివి రాసిన జవాబు కాదది.

వయసులో ఉన్నప్పుడు బాణామతి చేశారని ఆడవాళ్ల మీద నింద వేసిన ఊళ్లకు పోయి సభలు పెట్టేవాళ్లం. చేతబడి చేయడం చూసింది ఎవరయ్యా అని అడిగితే, ఆమె చేయలేదని నువ్వే చూపించు అనేవారు. ఆ ఊళ్లో వాళ్లకు చదువు లేదని అప్పట్లో సర్దిచెప్పుకునేవాడిని. ఈ కంపెనీలో అంతా పెద్ద చదువుల వాళ్లే.

మా హేతువాద సభలకు వచ్చే లెక్చరర్ మిత్రుడొకడు ఆ సాయంత్రం వచ్చాడు. లినక్స్ కోసం సంఘం నడుపుతాడు. దసరాకు ఆ సంఘం కంప్యూటర్లకు కుంకుమ పెట్టి నిమ్మకాయలు కోసిన మహానుభావుడు.

"గా ఆట ఆడకుంటె అయిపోతదన్నా" అన్నాడు. "మూసిపెట్టిన ప్రోగ్రాం గది. స్వేచ్ఛ గావాల్నంటే కొన్ని ఇడ్వాలె."

"పిల్లను దొంగ అన్నరు. నువ్వేమో ఉపాసముండు అంటున్నవ్. నీ సంఘంల నిష్ఠలున్నయ్, వ్రతాలున్నయ్, ఇగ కాషాయమొక్కటే తక్కువ" అన్నాను. టీ తాగకుండానే పోయాడు.

అసలు దెబ్బ మరునాడు జట్టు నుంచి తగిలింది. కెప్టెన్ చివరి సంవత్సరం కుర్రాడు, కంప్యూటర్ సైన్సే. అందరి ముందూ, "నువ్వు చెయ్యకపోతే మీ అమ్మ మీద ఒట్టెయ్" అన్నాడట.

"ఎయ్య" అన్నదట మా పిల్ల.

మా ఇళ్లలో ఒట్లు లేవు. మా చెల్లెలు పంతులు లేకుండా దండలు మార్చుకుని పెళ్లాడిన మనిషి. ఒకరిని మాట అంటే రుజువు చూపాలి, లేకపోతే వెనక్కి తీసుకోవాలి అని పిల్లలకు చెప్పి పెంచాం. నలుగురు కాబోయే ఇంజనీర్లకు మాత్రం ఒట్టే రుజువు, ఒట్టు వేయకపోవడం నేరం ఒప్పుకోవడం. సాయంత్రానికల్లా "ఆమె హ్యాక్ పెట్టిందంట" అన్న మాట కాలేజీ గ్రూపంతా తిరిగింది. చివరికి చెల్లెలు కూడా మెత్తబడింది.

"ఒక్క ఒట్టేస్తే నేను సస్తనా ఏందె? ఏసి రాకపోయినవ్!"

"నువ్వు సావవని నాకెర్కనే అమ్మా. ఎర్కుండి ఏస్తే గదే మోసం గాదా?"



తర్వాతి రోజు తను, నేను ఆ గేమింగ్ సెంటర్‌కు పోయాం. నలుగురూ ఉన్నారు. ప్రతి ఆటా రికార్డు చేసి పెట్టుకోవడం మా పిల్ల అలవాటు. పెన్‌డ్రైవ్ కెప్టెన్ ముందు పెట్టింది.

"ఒట్టు గిట్టు కాదన్నా. చూడుర్రి. యాడ మోసం చేసిన్నో నువ్వే ఆపి చూపెట్టు."

చూశారు. గోడ వెనక ఎవరున్నారో కనిపించడమే ఆ ఆటలో పెద్ద మోసమట. తెర మీద శత్రువు గోడకు అటు నక్కితే, మా పిల్ల ఇటు గోడకు ముఖం పెట్టి తుపాకీలో గుండ్లు నింపుకుంటోంది. ఇంకో ఆటలో బాంబు తన కాళ్ల దగ్గరే వేసుకుంది.

"హ్యాక్ పెట్టి గిట్లెవడు సస్తడక్కా!" అని చిన్నవాడొకడు పడిపడి నవ్వాడు.

"నవ్వకురా, గప్పుడు డ్రైవర్ ఆగింది" అని కసిరింది తను.

కెప్టెన్ పెన్‌డ్రైవ్ తీసి తనకిచ్చాడు. తర్వాత తలదించుకుని, "నువ్వు చెయ్యలేదు, సమజైంది. గాని బ్యాన్ పడ్డోళ్లను పోటీల తీస్కోరు. వేరే అకౌంట్ తెరుస్తే గూడ గా కంప్యూటర్ను గుర్తువట్టి బంద్ చేస్తరు" అన్నాడు.

నాకు మండింది. నిర్దోషి అని తెలిసి కూడా బయటికి తోసేవాడి కంటే తెలియక తోసేవాడు నయం. ఆ మాటే గట్టిగా మొదలుపెట్టాను.

"మామా, జర ఊకో" అన్నది పిల్ల. కెప్టెన్ వైపు తిరిగి, "పోటీ పోతే పోనీ. కాలేజీ గ్రూపుల రాయ్" అన్నది.

"గ్రూపుల ఎందుకు? మనకెర్కనే గదా."

"దొంగ అన్నది గ్రూపుల్నే. గాదని గూడ గాడ్నే అనాలె."

అతను తక్కినవాళ్ల ముఖాలు చూశాడు. ఎవరూ ఆదుకోలేదు. ఫోన్ తీసి టైపు చేసి మాకు చూపించాడు. ఆటలన్నీ చూశామని, ఆమె మోసం చేయలేదని అనుకుంటున్నామని ఉంది.

"అనుకునుడు తీసెయ్. చూసినవ్ గదా" అన్నది.

తీసేసి పంపాడు. బల్ల మీదున్న ఫోన్లు ఒకదాని వెనక ఒకటి మోగాయి.