బేస్‌మెంట్ చూసిన దొర

మొన్న న్యూజెర్సీ ఎడిసన్‌లో ఒక గృహప్రవేశానికి వెళితే, భోజనాలు కాగానే ఇల్లుగలాయన మమ్మల్ని గదిగదికీ తిప్పి, చివరికి బేస్‌మెంట్ తలుపు తీశాడు. నేను మోకాళ్ళ నొప్పి అని చెప్పి పైనే ఉండిపోయాను. నొప్పేమీ లేదు. ఎనభైల మొదట్లో మా పెద్దమ్మ కూతురు ఇలాగే ఇల్లు చూపించి బతుకుతెరువు పోగొట్టుకుంది.

అప్పుడు నేను న్యూజెర్సీలో ఒక చిన్న దినపత్రికకు టౌన్‌షిప్ సమావేశాల వార్తలు రాసేవాణ్ణి. బావ ఫ్యాక్టరీలో నడుం దెబ్బతిని మంచాన పడ్డాక, అక్క ఇంట్లోనే పిల్లల్ని చూసుకునేది. డ్యూటీలకు వెళ్ళే మన నర్సులు తమ పిల్లల్ని ఆమె చేతుల్లో పెట్టి పోయేవారు. దానికి, ఏ ఇంట్లో ఏ పని నడపొచ్చో తేల్చే టౌన్‌షిప్ జోనింగ్ బోర్డు అనుమతి కావాలి, అది రాకపోతే ఆ ఇంటికి జరుగుబాటు లేదు.

ఆ బోర్డు అధ్యక్షుణ్ణి మేమంతా దొరగారనేవాళ్ళం. ఇంగ్లండులో పుట్టి, కుర్రతనంలోనే ఆఫ్రికా వెళ్ళి కాఫీ తోట వేసి, అక్కడి తెల్లవాళ్ళ శాసనసభలో కూర్చుని, ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక అమెరికా చేరి, పౌరసత్వం రాగానే మళ్ళీ రాజకీయాల్లో దిగిన మనిషి. ఎన్నికలప్పుడు మన ఇళ్ళకు వచ్చి చేత్తో పప్పన్నం కలుపుకుని తినేవాడు కనుక, అందరికీ అతను మన మనిషే.

అక్క అర్జీ మీద బోర్డు విచారణకు ముందు ఆదివారం ఆమె అతన్ని భోజనానికి పిలిచింది. హియరింగ్ ముందు పిలవడం బావుండదే అని నేనంటే, “నోర్ముయ్‌రా, నీ పేపర్ బుద్ధులు నా దగ్గర వద్దు. ఇల్లు చూస్తే ఆయనకే తెలుస్తుంది” అంది. ఆ రోజుల్లో వచ్చినవాళ్ళకు ఇల్లంతా చూపించకపోతే ఏదో దాచినట్టే అనుకునేవాళ్ళమని మీకూ గుర్తుండే ఉంటుంది.

దొర గోంగూర మారు వడ్డించుకుని తిన్నాక, అక్క పడగ్గదులూ పూజగదీ చూపించి, కింద బేస్‌మెంట్‌కి తీసుకెళ్ళింది. బియ్యం బస్తాల పక్కన, బట్టలుతికే మెషీన్ పక్కన, బొంతల మీద పిల్లలు నిద్రపోతున్నారు.

“మా తోటలో కూలీల గుడిసెలు నేనూ వారం వారం ఇలాగే చూసి వచ్చేవాణ్ణి” అన్నాడు దొర నవ్వుతూ. అక్క దాన్ని మెప్పుగానే తీసుకుంది. “చూశావా, ఎంత కలుపుగోలు మనిషో” అంది, అతని కారు కదిలాక.

విచారణలో అతను కాగితం చూడకుండా మాట్లాడాడు. కిందికి ఒక్కటే దారి, కిటికీ లేదు, ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్‌కు చేరువలో పసిపిల్ల. “మేడమ్ చేతి వంట అద్భుతం. సరుకునూ పిల్లల్నీ ఒకేచోట నిల్వ చేస్తారు, అదొక్కటే లోపం.” హాలంతా నవ్వింది. నవ్వినవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు.

అక్క లేచి, “సార్, యూ ఏట్ ఇన్ మై హౌస్” అంది.

“అందుకే మేడమ్, నేను చెప్పేది ఎవరో చెప్పగా విన్న మాట కాదు” అన్నాడతను మృదువుగా.

అతను చెప్పినవన్నీ నిజాలే. బోర్డు అనుమతి ఇవ్వలేదు. కిటికీ పెట్టించుకోవడానికి గడువిమ్మని ఆమె అడిగింది, అదీ ఇవ్వలేదు. ఆ ఏడు ఉగాది సభకు మన సంఘం అతన్నే ముఖ్య అతిథిగా పిలిచి శాలువా కప్పింది.

ఇవాళ ఆ బోర్డులో మన పిల్లలే ఇద్దరు కూర్చుంటున్నారు. మన ఇంటిపేర్లు తడబడకుండా పిలుస్తారు. బావ పోయాడు, దొర పోయాడు, ఇల్లు ఎప్పుడో బ్యాంకు పాలైంది. ఆ విచారణ తర్వాత గడువు కోసం అక్క మళ్ళీ పెట్టుకున్న అప్పీలు అప్పట్లో వచ్చే సమావేశానికి వాయిదా పడింది. దాన్ని ఎవరూ ఒప్పుకోలేదు, కొట్టెయ్యనూ లేదు. అది ఇప్పటికీ వాయిదాలోనే ఉంది.