బాలప్ప నింపిన గోడలు

బాలప్ప లాంటి నిజాయితీపరుడైన మేస్త్రీ పగవాడికి కూడా వద్దు.

డెబ్భై నాలుగులో పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీ క్వార్టర్లకు నేను సూపర్‌వైజరును, ఆయన మేస్త్రీ. గుమ్మడిదల మనిషి. పదేళ్ళప్పుడు తల్లి వెంట తట్ట మోసి, ఇరవై నిండకుండానే తాపీ పట్టాడు. ఒక్కరోజు నాగా పెట్టడు. సాయంత్రం కట్టిన గోడ చుట్టూ ఒకసారి తిరిగి చూసుకుంటే గానీ ఇంటికి పోడు.

మొత్తం నాలుగంతస్తులు. కింది మూడూ వర్కర్లకు, పైది మాలాంటివాళ్ళకు. చిట్కుల్‌లో ఒంటిగది కిరాయికి తీసుకుని, వానొస్తే గిన్నెలు పరుచుకునే నాకూ మా అన్నపూర్ణకూ పైన ఒక క్వార్టరు ఖాయం చేశారు. ఆవిడ అప్పుడే కిటికీలకు పరదాలు కూడా కుట్టేసింది.

ఇటుకలు మాత్రం మూడంతస్తులకు సరిపడానే ఇచ్చారు. పెద్ద ఇంజనీరు ఒక ఉపాయం చెప్పాడు. బరువంతా స్తంభాలే మోస్తాయి కాబట్టి, గోడకు ఇటుకలను పడుకోబెట్టకుండా నిలబెట్టి, రెండు వరసల మధ్య బోలుగా వదిలెయ్యాలి. నాలుగు ఇటుకలు పట్టే చోట మూడు చాలు. మిగిలినవాటితో నాలుగో అంతస్తు లేస్తుంది.

బాలప్పకు పదిసార్లు చెప్పాను. పదిసార్లూ తల ఊపాడు. తల ఊపడంలో ఆయన్ని మించినవాడు లేడు!

ఆ ధీమాతో నేను గోడల్లోకి తొంగిచూడలేదు. మూడో అంతస్తు గోడలు పూర్తయ్యేసరికి చూస్తే ఇటుకల కుప్ప ఖాళీ. పరుగున వెళ్ళి గోడమీద వేలి కణుపులతో కొట్టాను. డొల్ల చప్పుడు రావాలి. బండను కొట్టినట్టుంది.

"ఏం చేశావయ్యా?"

"నింపిన సారూ. ఇటుకలు పలగ్గొట్టి, సిమెంటు మాల్ బోసి, జెర గూడ సందు లేకుండ నింపిన."

"ఖాళీగా వదలమని మొత్తుకున్నాను కదయ్యా!"

"మీరు జెప్పిన్రు సారూ, నాకే మనసొప్పలే. లోపల ఏం లేని గోడ గట్టిపోతే, రేపు ఆడ పండుకునేటోళ్ళు ఏమంటరు? బాలప్ప దొంగపని జేసిండంటరు."

ఏం చెప్పాలి ఈ మనిషికి? మా నాలుగో అంతస్తును ముక్కలు కొట్టి మూడంతస్తుల గోడల్లో పోసేశాడు మహానుభావుడు!

ఇంకో బండి ఇటుకలు కూడా ఇచ్చేది లేదన్నారు పైవాళ్ళు. మూడంతస్తులతో సరిపెట్టారు. అన్నపూర్ణ పరదాలు మడిచి పెట్టెలో పెట్టి, వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ వానాకాలం మా కిరాయి గది వెనకగోడ కూలింది. ఇంటాయన పట్టించుకోలేదు. ఎవరు చెప్పారో ఏమో, మర్నాడు పొద్దున్నే తాపీ పట్టుకుని బాలప్ప దిగాడు. కూలి ఇస్తానంటే చెవులు మూసుకున్నాడు. రెండు రోజులు తలెత్తకుండా కట్టాడు. చివరికి చేతులు కడుక్కుని, గోడను అరచేత్తో చరిచి, మా ఇద్దరివంకా గర్వంగా చూశాడు.

"ఇగ ఫికర్ జెయ్యకున్రి సారూ. మంచిగ నింపి గట్టిన. ముప్పయ్యేండ్లు ఈడనే ఉండొచ్చు మీరు."

అలిగి పక్కగదిలోకి పోదామన్నా మాకున్నది ఒక్కటే గది. అన్నపూర్ణ నాకు వీపు పెట్టి, ఆ కొత్త గోడవైపు తిరిగి కూర్చుంది.