నాన్నగారి పేరున బేకరీ

తిరువూరు బస్టాండు ఎదురుగా మేడమీద కంప్యూటరు సెంటరు పెట్టిన కొత్తల్లో నాన్నగారు నన్ను అందులో చేర్చారు. మనసొప్పి మాత్రం కాదు. "నలుగురిలో మాటొచ్చిందంటే ఆ రోజే మానిపించేస్తాను" అని ముందే చెప్పారు. ఆయన గుడిలో అర్చకులు. ఎప్పుడూ గొంతు పెంచరు. నాకు భయమల్లా అదే.

కోర్సు చివర్లో సార్ ఒక్కొక్కరికీ ఒక ఉత్తుత్తి దుకాణం ఇచ్చి, దానికి వెబ్‌సైటు తయారుచెయ్యమన్నారు. నా వంతుకు బేకరీ వచ్చింది. మా ఇంట్లో ఎవరూ అలాంటివి ముట్టరు. బజార్లో బేకరీ అద్దాల బయట నిలబడి పేర్లు చూసుకుని వచ్చి క్రీమ్ బన్ను, ప్లమ్ కేకు, ఎగ్ పఫ్ పెట్టాను. ఎగ్ పఫ్ బొమ్మ కింద, నోట్లో వెన్నలా కరిగిపోతుందని ఇంగ్లీషులో గొప్పగా రాశాను. ఇక యజమాని పేరు కావాలి. ఒకటో తరగతి నుంచీ ఎక్కడ ఏ పేరడిగినా నాన్నగారి పేరు రాయడమే నాకు అలవాటు. ఇంటిపేరుతో సహా అదే కొట్టేశాను.

సార్‌కి అది తెగ నచ్చింది. కొత్తవాళ్లు చేరతారని రంగుల్లో ప్రింటు తీయించి, కింద మెట్ల పక్క గోడకు అంటించారు. చూసేసరికి పైప్రాణాలు పైనే పోయాయి. విస్సన్నపేటలో వ్రతాలు చేయించడానికి నాన్నగారు బస్సెక్కేది ఆ గోడ ముందే.

"తీసెయ్యండి సార్" అని బతిమాలాను.

"ఉత్తుత్తి కొట్టేగా అమ్మా, ఎవరు నమ్ముతారు?" అని నవ్వారు. ఆయనకేం, ఎన్నయినా నవ్వుతారు.

ఆ తర్వాత వాకిట్లో నాన్నగారి చెప్పుల చప్పుడు వింటే చాలు, పెరట్లోకి తప్పుకునేదాన్ని. అన్నం సహించేది కాదు. చివరికి భయపడ్డంతా అయింది. గుడికొచ్చిన వాళ్లెవరో "పంతులుగారూ, బేకరీ పెట్టారంటగా!" అన్నారట. ఇంటికొచ్చి ఆయన ఒక్కటే మాట అన్నారు. "రేపు సెంటరుకి నేనూ వస్తాను."

మర్నాడు ఆయన వెనకాలే నడిచాను. నా చదువు ఇవాళ్టితో సరి అనుకున్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని గోడ ముందు నిలబడి ఒక్కో అక్షరం కూడబలుక్కున్నారు. బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా ఇటే చూస్తున్నారు. సార్ గబగబా మెట్లు దిగొచ్చారు.

"మా అమ్మాయి ఇవి తింటోందా అండీ?"

నేను సార్ వైపు చూశాను.

"లేదండి పంతులుగారూ! ఎగ్ పఫ్ కరకరలాడుద్దండి. మీ అమ్మాయి వెన్నలా కరుగుద్దని రాసింది. ఒక్కసారి కొరికిన పిల్లయినా అట్లా రాయదండి."

నాన్నగారు మళ్లీ గోడకేసి చూశారు. "ఆ గుడ్డు తీసేయించండి."

కేకులోనూ గుడ్డు పడుతుందన్న సంగతి సార్ మింగేశారు. "పేరు కూడా తీసేస్తానండి" అన్నారు.

"పేరు ఉండనివ్వండి."

అని నా వైపు తిరిగారు.

"అలా నిలబడ్డావేం? క్లాసుకి టైమవలేదూ?"